ఒక్క పిండమా, రెండా? – సంతాన చికిత్సలో ఒక నిర్ణయం, అందులో మన వంతు

ఈ సంచికకు ఆరోగ్యం మీద వ్యాసం కావాలని కార్యదర్శి గారు అడిగినప్పుడు నేను షుగరు గురించో బీపీ గురించో రాస్తానని అనుకుని ఉంటారు. అవి ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. మన సొసైటీ వైద్య సహాయ విభాగంలో కూర్చునే డాక్టరుగా నన్ను రెండేళ్లుగా వదలని విషయం ఒకటుంది. దాతలతో పంచుకోవలసింది అదేనని నాకు అనిపించింది. కొంచెం సున్నితమైన విషయం. ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి చదివే పుస్తకంలో ఎందుకని ఎవరైనా అనుకోవచ్చు. కానీ మన దగ్గరికి అర్జీలు పట్టుకుని వచ్చే దంపతులు సిగ్గు విడిచి అడుగుతున్నారు. ఇచ్చేవాళ్లు తెలుసుకోవడంలో తప్పులేదు.

రెండేళ్ల క్రితం ఒక ఆటో డ్రైవరు, అతని భార్య మనకు అర్జీ పెట్టుకున్నారు. పెళ్లయి తొమ్మిదేళ్లు. ఆమెకు అప్పుడు ముప్ఫై ఏళ్లు. గర్భాశయానికి రెండు పక్కలా ఉండే ట్యూబులు మూసుకుపోయాయి. ఐ.వి.ఎఫ్., అంటే మనవాళ్లు టెస్ట్ ట్యూబ్ బేబీ అనే చికిత్స, తప్ప దారి లేదని డాక్టర్లు చెప్పారు. మేం సహాయం చేయలేమన్నాం. డయాలసిస్, క్యాన్సరు మందులు, గుండె ఆపరేషన్లు వరుసలో ఉండగా పిల్లల కోసం చికిత్సకు నిధులు ఇవ్వడం కుదరదని రాసి పంపాం. ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉంది.

వాళ్లు నల్లపూసలు తప్ప మిగిలిన బంగారమంతా అమ్మారు. మిగతాది వడ్డీకి తెచ్చారు. అంతా కలిపితే ఒక్క ప్రయత్నానికి సరిపోయింది. పిండాలను గర్భాశయంలో ఉంచే రోజు, ఆమె గౌను వేసుకుని బల్ల మీద పడుకుని ఉండగా అడిగారట: "మంచివి మూడున్నాయమ్మా, ఎన్ని పెట్టమంటారు?" అని. "మూడూ పెట్టేయండి మేడమ్, మళ్లీ రావడానికి మా దగ్గర ఏమీ లేదు" అందట ఆ అమ్మాయి. తర్వాత నాతో చెబుతూ, "ఆపా, ఒక్కటైనా నిలవకపోతుందా అనుకున్నాను గానీ, మూడూ నిలుస్తాయని నాకెవరూ చెప్పలేదు" అంది.

మూడూ నిలిచాయి. నాలుగో నెలలో ఒకటి పోయింది. మిగిలిన ఇద్దరూ ముప్ఫయ్యో వారంలో పుట్టారు. బాబు 1,200 గ్రాములు, పాప అంతకన్నా తక్కువ. ఊపిరితిత్తులు పండలేదు, పాలు తాగే శక్తి లేదు. నలభై రోజులకు పైగా నవజాత శిశువుల ఐ.సి.యు.లో ఉన్నారు. అప్పుడు మళ్లీ అర్జీ వచ్చింది. ఈసారి మేం ఒక్క రోజు కూడా ఆలోచించలేదు. పసిపిల్లల ప్రాణాలు కదా, ఇవ్వకుండా ఎలా ఉంటాం? లెక్క చూసుకుంటే, ఆ బిల్లుల్లో మనం కట్టిన వాటా వాళ్లు మొదట అడిగిన మొత్తానికి రెట్టింపు దాటింది. ఇద్దరు పిల్లలూ బతికారు, అల్‌హమ్దులిల్లాహ్. బాబుకు కంటికి లేజరు చేయవలసి వచ్చింది.

ఇందులో తప్పెవరిదని వెతకడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ అమ్మాయిని "ఎన్ని పెట్టమంటారు" అని అడిగిన క్షణంలో జవాబు చెప్పింది ఆమె కాదు, ఆమె చేతిలో మిగిలిన డబ్బు. దాతలకు నేను చెప్పదలచుకున్నది అదే.

చికిత్స ఎలా జరుగుతుందో ముందు క్లుప్తంగా చెబుతాను. సాధారణంగా నెలకు ఒక్క అండమే పండుతుంది. ఐ.వి.ఎఫ్.లో పది పన్నెండు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి ఎక్కువ అండాలు పండేలా చేస్తారు. మత్తు ఇచ్చి సూదితో వాటిని బయటికి తీస్తారు. ల్యాబులో భర్త వీర్యకణాలతో కలుపుతారు. కలిసిన అండం మూడో రోజుకు సుమారు ఎనిమిది కణాలవుతుంది. అయిదో రోజుకు వంద, అంతకు మించిన కణాలతో చిన్న బుడగలా మారుతుంది. దీన్ని బ్లాస్టోసిస్ట్ అంటారు. అన్నీ అంతదూరం రావు. పది అండాలు తీస్తే చివరికి రెండు మూడు మంచి పిండాలు మిగలడం మామూలే. వాటిలో కావలసినన్ని సన్నటి గొట్టంతో గర్భాశయంలో ఉంచుతారు. దీనికి మత్తు కూడా అక్కర్లేదు. మిగిలినవాటిని ద్రవ నైట్రోజన్‌లో, మైనస్ 196 డిగ్రీల దగ్గర గడ్డకట్టించి దాస్తారు. సుమారు రెండు వారాల తర్వాత రక్తపరీక్షలో గర్భం నిలిచిందో లేదో తెలుస్తుంది.

ఖర్చంతా ఎక్కువగా మొదటి భాగంలోనే ఉంటుంది: ఇంజెక్షన్లు, అండాలు తీయడం, ల్యాబు పని. దాచిన పిండాన్ని తర్వాత కరిగించి లోపల ఉంచడానికి అయ్యే ఖర్చు అందులో కొంత భాగమే. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

ప్రపంచంలో మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ 1978 జులై 25న ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్‌లో పుట్టింది. అదే ఏడాది అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషితో మన దేశపు మొదటి పాప పుట్టింది. ఆయన బతికుండగా ఎవరూ గుర్తించలేదు, అది వేరే విషాదం. ఇంగ్లండులో ఆ మొదటిసారి ఉంచింది ఒక్క పిండమే. తర్వాతి సంవత్సరాల్లో ఎక్కువ అండాలు తీయడం నేర్చారు గానీ, పిండాలను సరిగా పెంచడం, చెడిపోకుండా దాచడం ఇంకా చేతకాలేదు. అందుకని మూడు, నాలుగు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఉంచేవారు. "ఎన్ని వేస్తే అంత మంచిది" అన్న మాట ఆ రోజుల నుంచి మిగిలిపోయింది. ల్యాబులు మారాయి, మాట మారలేదు. ఇప్పుడు వాడే వేగంగా గడ్డకట్టించే పద్ధతిలో మంచి పిండాలు పదింటిలో తొమ్మిదికి పైగా కరిగించిన తర్వాత కూడా బతుకుతున్నాయి.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక మంచి పిండం నిలిచే అవకాశం నూటికి 40 అనుకుందాం. ఇది లెక్క కోసం అనుకున్న అంకె మాత్రమే. నిజంలో వయసును బట్టి, ల్యాబును బట్టి మారుతుంది. వంద మంది దంపతులకు తలా రెండు పిండాలున్నాయి. అందరికీ రెండేసి ఒకేసారి ఉంచితే 64 మందికి గర్భం నిలుస్తుంది. వాళ్లలో 16 మందికి కవలలు, అంటే నలుగురిలో ఒకరికి. ఇప్పుడు అదే వంద మందికి ముందు ఒక్కటే ఉంచుదాం. 40 మందికి నిలుస్తుంది. నిలవని 60 మందికి దాచిన రెండోది తర్వాత ఉంచితే 24 మందికి నిలుస్తుంది. 40కి 24 కలిపితే అదే 64. ఈసారి దాదాపు అందరికీ ఒక్కొక్క బిడ్డే. పైగా మొదటిసారే గర్భం నిలిచిన 40 మందికి రెండో పిండం ఇంకా దాచే ఉంది, రెండు మూడేళ్ల తర్వాత ఇంకో బిడ్డ కావాలనుకుంటే. దాదాపు అని ఎందుకన్నానంటే, ఒక్క పిండమే రెండుగా చీలి కవలలు కావడం నూటికి ఒకటి రెండు సార్లు జరుగుతుంది. అది మన చేతిలో లేదు.

కాగితం మీది లెక్క ఇది. స్కాండినేవియా దేశాల్లో నిజంగా పరీక్షించి చూశారు. 2004లో వెలువడిన ఆ అధ్యయనంలో 36 ఏళ్ల లోపు ఉన్న 661 మంది మహిళలు పాల్గొన్నారు. సగం మందికి రెండు పిండాలు ఒకేసారి ఉంచారు. మిగతా సగం మందికి ఒకటి ఉంచి, నిలవకపోతే దాచిన ఇంకొకటి తర్వాత ఉంచారు. మొదటి గుంపులో 42.9 శాతం మందికి, రెండో గుంపులో 38.8 శాతం మందికి బిడ్డలు పుట్టారు. తేడా నాలుగు శాతమే. కవలల దగ్గరికి వచ్చేసరికి మొదటి గుంపులో కాన్పయినవాళ్లలో ముగ్గురిలో ఒకరికి కవలలు. రెండో గుంపులో నూటికి ఒకరు కూడా లేరు. అది పాత ఫ్రీజింగ్ పద్ధతి రోజుల్లో వచ్చిన ఫలితం.

"కవలలైతే మంచిదే కదా ఆపా, ఒకేసారి ఇద్దరు" అని నన్ను అడగని అత్తగారు లేరు. తొమ్మిదేళ్లు ఖాళీ ఒడితో ఉన్న ఇంట్లో ఆ మాట ఎంత తీపిగా ఉంటుందో నాకు తెలుసు. కవలల్లో చాలామంది ఆరోగ్యంగానే పెరుగుతారు, అదీ నిజమే. కానీ కవలల్లో సగం మందికి పైగా నెలలు నిండకుండానే పుడతారు. ఒక్క బిడ్డయితే పదిమందిలో ఒకరికి అటూ ఇటూగా అలా జరుగుతుంది. ముగ్గురైతే సగటున 32 వారాలకే కాన్పు వస్తుంది. తల్లికి బీపీ పెరిగి గుర్రపువాతం వచ్చే ప్రమాదం, గర్భంతో వచ్చే షుగరు, కాన్పు తర్వాత ఆగని రక్తస్రావం, రక్తహీనత, సిజేరియన్ అన్నీ ఎక్కువవుతాయి. మన ఆడపిల్లల్లో ఎంతమంది తొమ్మిది గ్రాముల హిమోగ్లోబిన్‌తోనే గర్భం మోస్తారో చూసే మాకు ఇవి పుస్తకాల్లో మాటలు కావు. నెలలు నిండని బిడ్డకు ఊపిరి, మెదడులో రక్తస్రావం, పేగులు, కళ్లు, అన్నీ పరీక్షలే. కాళ్లూ చేతులూ బిగుసుకుపోయే సెరిబ్రల్ పాల్సీ కవలల్లో పలు రెట్లు ఎక్కువ.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక్క మాట. 34 వారాల లోపు పుట్టిన, లేదా రెండు కిలోల కన్నా తక్కువ బరువున్న ప్రతి బిడ్డకూ నెల రోజులు తిరగకముందే కంటి రెటీనా పరీక్ష జరగాలి. మరీ చిన్న పిల్లలకు ఇంకా ముందే. ఇల్లు చేరిన సంతోషంలో చాలామంది దీన్ని మరిచిపోతారు. సమయానికి చూస్తే లేజరుతో చూపు నిలుస్తుంది. మీ బంధువుల్లో అలాంటి బిడ్డ ఉంటే ఇవాళే అడగండి.

మన కుటుంబాలకు ఇంకో చిక్కు ఉంది. ముగ్గురు నిలిచినప్పుడు, మిగతా ఇద్దరి క్షేమం కోసం ఒకదాన్ని మూడో నెల చివర్లో ఆపేద్దామని డాక్టర్లు సలహా ఇస్తారు. అప్పుడు ఆ దంపతులు ముఫ్తీ సాహెబు దగ్గరికి పరుగెత్తుతారు. అప్పటికే పిల్లల గుండె చప్పుడు విని ఉంటారు. ఏ జవాబు వచ్చినా ఆ తల్లి మనసు కుదుటపడదు. ఇంత బాధకు మూలం పిండాలు ఉంచిన ఆ అయిదు నిమిషాల్లో ఉంది. ఆలోచించవలసింది అప్పుడు.

షరీయత్ మాట వచ్చింది కాబట్టి, అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ ఈ చికిత్సను చర్చించింది. 1986 అక్టోబరులో అమ్మాన్ సమావేశంలో, అవసరమైనప్పుడు భార్యాభర్తల అండం, వీర్యకణాలతోనే జరిగే ఐ.వి.ఎఫ్. చేయించుకోవచ్చని, మూడో మనిషి ప్రమేయం ఉండే పద్ధతులు నిషిద్ధమని తీర్మానించింది. 1990 మార్చిలో జెద్దా సమావేశంలో మిగిలిపోయే పిండాల గురించి మాట్లాడింది. ప్రతిసారీ కావలసినన్ని అండాలనే ఫలదీకరణ చేయాలని, మిగులు లేకుండా చూసుకోవాలని చెప్పింది. కొందరు దంపతులు దీన్ని విని, "మిగలకూడదంటే అన్నీ లోపల పెట్టించుకోవాలేమో" అనుకుంటారు. తీర్మానం చెప్పింది అది కాదు. తక్కువ అండాలను ఫలదీకరణ చేయమంది, మిగతా అండాలను అండాలుగానే దాచుకునే వీలుందని గుర్తుచేసింది. అంటే ల్యాబువాళ్లతో మాట్లాడవలసింది అండాలు తీసే రోజుకు ముందే. దాచిన పిండాలను ఎప్పటి వరకు వాడుకోవచ్చు, వివాహబంధం ముగిస్తే ఏమిటి అన్నవి మీరు నమ్మే ఆలిమ్‌ను ముందే అడిగి తెలుసుకోండి. మన దేశపు 2021 నాటి ఏ.ఆర్.టి. చట్టం ప్రకారం పిండాలను పదేళ్లకు మించి దాచకూడదు. దంపతుల రాతపూర్వక అంగీకారం లేకుండా చికిత్స చేయకూడదు. ఆడో మగో చూసి పిండాన్ని ఎంచుకోవడం నేరం.

ఇక మళ్లీ డబ్బు దగ్గరికి వస్తాను. ఒక్క పిండమే మంచిదని వైద్యులకు ఇరవై ఏళ్లుగా తెలుసు. కొన్ని దేశాల్లో అది త్వరగా అమలైంది. స్వీడన్‌లో 2003లో, మామూలుగా ఒక్క పిండమే ఉంచాలని నిబంధన పెట్టారు. ఐ.వి.ఎఫ్. కాన్పుల్లో నాలుగింట ఒక వంతు దాకా ఉన్న కవలలు కొన్నేళ్లలో 5 శాతం దగ్గరికి దిగారు. బిడ్డలు పుట్టే శాతం పడిపోలేదు. బ్రిటన్‌లో 1990ల్లో 28 శాతం దాకా ఉన్న బహుళ కాన్పులు 2019 నాటికి 6 శాతానికి వచ్చాయి. వీటిలో నాకు ఎక్కువ నచ్చింది బెల్జియం. 2003 జులై నుంచి అక్కడి ప్రభుత్వం ఒక ఒప్పందం లాంటిది పెట్టింది: ఆరు ప్రయత్నాల వరకు ల్యాబు ఖర్చు మేం భరిస్తాం, కానీ 36 ఏళ్ల లోపు వారికి మొదటి ప్రయత్నంలో ఒక్క పిండమే ఉంచాలి. కవలల కాన్పులు సగానికి పైగా తగ్గిపోయాయి. ఐ.సి.యు.లో మిగిలే డబ్బుతోనే ఈ ఖర్చు తిరిగి వస్తుందన్నది వాళ్ల లెక్క.

ఎందుకు పనిచేసింది? రెండో అవకాశం ఉందని తెలిసిన మనిషి మొదటిసారే మూడు అడగదు. మన ఆటో డ్రైవరు భార్యకు ఆ ధైర్యం ఇచ్చేవాళ్లు లేకపోయారు.

అందరికీ ఒక్కటే అని నేను గీత గీయడం లేదు. అమెరికా సంతాన వైద్యుల సంఘం 35 ఏళ్ల లోపు వారికి ఒక్కటే అంటుంది. 38 నుంచి 40 ఏళ్ల మధ్య అయిదో రోజు పిండాలు రెండు వరకు ఒప్పుకుంటుంది. వయసు పెరిగే కొద్దీ పిండాల్లో లోపాలు పెరుగుతాయి, ఒక్కొక్కటి నిలిచే అవకాశం తగ్గుతుంది. అందుకని ఆ సడలింపు. యూరప్ సంఘం 2024లో ఇచ్చిన సూచనలు ఇంకా గట్టిగా ఒక్కదాని వైపే మొగ్గాయి. నా అభిప్రాయం అడిగితే, పెద్ద వయసులో రెండు పెట్టడం మీద డాక్టరుతో చర్చ జరగవచ్చు. మూడు మాత్రం నేను ఎవరికీ చెప్పను. ముందు సిజేరియన్ అయిన వాళ్లకు, బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు, గర్భాశయం ఆకారంలో లోపం ఉన్నవాళ్లకు వయసు ఎంతైనా ఒక్కటే. పెద్ద వయసులో గర్భం ఎంత దూరం పోవచ్చో మన గుంటూరులోనే చూశాం. 2019 సెప్టెంబరులో డెబ్బై ఏళ్లు దాటిన ఒక మహిళ ఐ.వి.ఎఫ్. ద్వారా కవల ఆడపిల్లలను కన్నప్పుడు పత్రికలు పండగ చేశాయి, వైద్యుల్లో చాలామంది తల పట్టుకున్నారు. తర్వాత వచ్చిన చట్టం ఈ చికిత్సకు స్త్రీకి 50 ఏళ్లు, పురుషుడికి 55 ఏళ్లు హద్దు పెట్టింది.

ఈ ఏడాది మన వైద్య సహాయ విభాగం సమావేశంలో నేను ఒక ప్రతిపాదన పెట్టాను. ఐ.వి.ఎఫ్. పూర్తి ఖర్చు భరించే స్తోమత మన సొసైటీకి లేదు, డయాలసిస్ వరుసను వెనక్కి నెట్టి ఇవ్వమని నేను అడగలేదు. మొదటి ప్రయత్నం ఖర్చు వాళ్లు ఎలాగో తెచ్చుకుంటున్నారు. ఒక్క పిండం ఉంచుకోవడానికి ఒప్పుకున్న దంపతులకు, అది నిలవకపోతే దాచిన రెండో పిండం ఉంచే ఖర్చు మనం ఇస్తామని ముందే కాగితం మీద రాసి ఇద్దాం అన్నాను. నిలిస్తే మన డబ్బు ఖర్చే కాదు. ఒక సభ్యుడు, "పిల్లలు అల్లాహ్ ఇచ్చేది, మనం ఎన్ని అని లెక్కపెట్టడమేమిటి డాక్టరమ్మా" అన్నారు. ఇచ్చేది ఆయనే, భాయీ. పిండాలు లెక్కపెట్టి గొట్టంలోకి తీసేది మాత్రం మనుషులే, మూడు తీయాలా ఒకటి తీయాలా అన్నది వాళ్లే అడుగుతున్నారు అని చెప్పాను. జకాత్ డబ్బు దీనికి వాడవచ్చా అన్న ప్రశ్న వచ్చింది. అది ఉలమాకు వదిలేసి, ప్రస్తుతానికి సాధారణ విరాళాల నుంచి ఇద్దామని ఒప్పుకున్నారు.

కాబట్టి ఈ పద్దు కోసం ప్రత్యేకంగా ఇవ్వదలచిన దాతలు రసీదు మీద ఆ మాట రాయించుకోండి. అర్జీ పెట్టుకునే దంపతులు మీకు తెలిసి ఉంటే, అండాలు తీసే తేదీకి కనీసం నెల ముందు రమ్మనండి. పిండాలు ఉంచే రోజు ఉదయం ఫోను చేస్తే నేనేమీ చేయలేను. వచ్చేటప్పుడు ఇద్దరూ కలిసి రావాలి, అత్తగారు కూడా వస్తే ఇంకా మంచిది. డాక్టరును ఈ నాలుగు విషయాలు అడిగి రాయించుకు రమ్మనండి: ఆమె వయసుకు మీ ల్యాబులో ఒక్క పిండం నిలిచే అవకాశం ఎంత, ఎన్ని అండాలను ఫలదీకరణ చేస్తారు, పిండాలను దాచే సౌకర్యం అక్కడే ఉందా, దాచినదాన్ని తర్వాత ఉంచడానికి ఎంత అవుతుంది. ఆఫీసులో ఫారం ఉంది. శుక్రవారం జుమా తర్వాత అసర్ వరకు నేను అక్కడే ఉంటాను.